పండు ఈగల్లో ఒంటి సైజు, గుడ్ల సంఖ్య: ప్రాజెక్టు చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల కాలేజీల్లో జువాలజీ, జెనెటిక్స్ చదివేవాళ్లు డ్రోసోఫిలా (ల్యాబుల్లో పెంచే పండు ఈగ) ప్రాజెక్టు మొదలుపెట్టగానే అడిగే ప్రశ్నలివి. వరసగా చదవక్కర్లేదు. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న మాత్రం వదిలెయ్యకండి. అవి దాటేసి నేరుగా మీడియా (ఈగలకు పెట్టే తిండి) వండటానికి పోయినవాళ్లే నాలుగు నెలల తర్వాత చేతిలో అంకెలు పెట్టుకుని వాటికి అర్థం వెతుక్కుంటారు.

మామిడి తోటల్లో కాయలు పాడుచేసే పండు ఈగ, ఇదీ ఒకటేనా?

కాదు. వ్యవసాయాధికారులు పండు ఈగ అనేది బ్యాక్ట్రోసెరాను. అది మంచి కాయకు రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది. మిథైల్ యూజినాల్ బుట్టల్లో పడేది దాని మగ ఈగే. మన డ్రోసోఫిలా మెలనోగాస్టర్ రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. కళ్లు ఎర్రగా ఉంటాయి. మగ్గిపోయిన అరటిపండు మీద, కల్లు కుండ అంచున, చెరుకు రసం బండి దగ్గర ముసిరేది ఈ జాతి, దీని చుట్టాలు.

పెద్ద ఈగ ఎక్కువ గుడ్లు పెడుతుంది కదా, ఇందులో ట్రేడాఫ్ (ఒకటి పెరగాలంటే ఇంకొకటి తగ్గాల్సిన బేరం) ఏముంది?

సీసాలోంచి చేతికందిన యాభై ఆడ ఈగల్ని తీసి కొలిస్తే అట్లాగే కనిపిస్తుంది. ఉరం (కాళ్లు, రెక్కలు ఉండే నడిమి భాగం) పొడవు ఎక్కువున్న ఈగకు అండాశయాల్లో అండనాళికలు (గుడ్లు తయారయ్యే సన్నటి గొట్టాలు) ఎక్కువ. నాళికలు ఎక్కువైతే రోజుకు పెట్టే గుడ్లూ ఎక్కువ. ఈ లెక్క తప్పేం కాదు. కాకపోతే అది జన్యువుల లెక్క కాదు. లార్వాగా ఉన్నప్పుడు దేనికి ఎంత తిండి దొరికిందో చెప్పే లెక్క.

ఎస్సారెస్పీ కాలువ మొదట్లో పొలమున్న రైతు వరి వేస్తాడు, మక్క కూడా వేస్తాడు. రెండూ బాగా పండుతాయి. చివరి ఆయకట్టు రైతుకు రెండూ అంతంతమాత్రమే. ఊరంతా తిరిగి దిగుబడులు రాసుకుంటే, వరి బాగా పండిన ఇంట్లోనే మక్క కూడా బాగా పండిందని, ఆ రెంటికీ నీళ్ల పోటీ లేదని తేలుతుంది. పోటీ బయటపడాలంటే అందరికీ ఒకే కొలత నీళ్లిచ్చి, ఎవరు దేనికెంత మళ్లించారో చూడాలి. వాన్ నూర్డ్‌వైక్, డి యోంగ్ 1986లో గణితంతో చూపించింది ఇదే. సంపాదనలో తేడాలు పంపకంలోని తేడాల కంటే పెద్దవైతే, లోపల ట్రేడాఫ్ ఉన్నా పైకి ధన సహసంబంధమే (ఒకటి ఎక్కువున్న చోట రెండోదీ ఎక్కువ) వస్తుంది.

కాబట్టి ఒక్కో వయల్‌లో (ఈగల్ని పెంచే చిన్న సీసాలో) ఎన్ని గుడ్లు వేశారో లెక్క లేని ప్రాజెక్టు నుంచి ట్రేడాఫ్ గురించి ఏ నిర్ణయమూ చెప్పలేం.

అయితే పెద్ద ఒంటికి ఈగ ఎక్కడ మూల్యం చెల్లిస్తుంది?

ఎక్కువ భాగం లార్వా దశలో, అదీ సమయం రూపంలో. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా సుమారు 10 రోజులు పడుతుంది. అందులో లార్వా దశ నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల్లో బరువు దాదాపు 200 రెట్లు అవుతుంది. అంత వేగంగా పెరిగేటప్పుడు చివర్లో ఇంకో కొన్ని గంటలు తింటే ఒళ్లు బాగా తేడా పడుతుంది. కానీ కుళ్లే పండులో ఆ కొన్ని గంటలు చవక కాదు. పండు ఎండుతుంటుంది, లార్వాల మలంతో అమ్మోనియా పెరుగుతుంటుంది, ముందు తిన్నవాళ్లు తినేసి పోయుంటారు.

పార్ట్రిడ్జ్, ఫౌలర్ 1993లో ప్రచురించిన ప్రయోగంలో తరాల తరబడి ఉరం పొడవున్న ఈగల్నే ఏరుకుంటూ పోయారు. ఈగలు పెద్దవయ్యాయి. వాటితోపాటు లార్వా కాలం సాగింది, లార్వాలు బతికే శాతం తగ్గింది. దీన్ని తిరగేసి చేసిన పని మన దక్కనులోనే ఉంది. బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్ఆర్ పరిశోధన సంస్థలో అమితాబ్ జోషీ బృందం తొందరగా పెరిగే ఈగల్ని ఎంపిక చేస్తూ పోయింది. ఎదుగుదల కాలం తగ్గింది, ఒళ్లు చిన్నదైంది, కొవ్వు నిల్వ తగ్గింది, గుడ్లూ తగ్గాయి. 2012 నాటికి ఆ చిన్న ఈగలకూ వాటి మూల జనాభాకూ మధ్య పునరుత్పత్తి అడ్డుగోడ (ఒకదానితో ఒకటి కలిసి సంతానం కనడానికి ఆటంకం) మొలకెత్తినట్టు అదే ప్రయోగశాల చూపించింది. సైజు కోసం కాదు, గంటల కోసం చేసిన ఎంపిక అక్కడిదాకా పోయింది.

గుడ్డు సైజుకూ గుడ్ల సంఖ్యకూ మధ్య ఉండే ట్రేడాఫ్ వేరే. సీషెల్స్ దీవుల్లో నోని పండు మీద బతికే డ్రోసోఫిలా సెషెలియాకు అండనాళికలు మెలనోగాస్టర్‌లో సగానికి దగ్గర. పెట్టే గుడ్లు తక్కువే, కానీ ఒక్కో గుడ్డు పెద్దది. వైవాలో ఈ రెండు ట్రేడాఫ్‌లనూ కలిపి చెప్పొద్దు.

ఏ జన్యువులు ఈ పని చేస్తాయి?

ముందు ఇన్సులిన్ దారి తెలుసుకోండి. ఈగలో ఇన్సులిన్ లాంటి పెప్టైడ్లు (చిన్న ప్రొటీన్లు) ఎనిమిది. వాటిలో 2, 3, 5 నంబర్లవి మెదడులోని కొన్ని కణాల నుంచి వస్తాయి. తిండి బాగుంటే ఇవి గ్రాహకాన్ని తట్టి కణాలను పెంచుతాయి, అండాశయాన్ని కూడా నడిపిస్తాయి. గ్రాహకం కింద పనిచేసే చికో జన్యువు రెండు కాపీలూ పాడైన ఈగలు మామూలు బరువులో సగం కూడా ఉండవని 1999లో తేలింది. ఆడవి గొడ్డువి. 2001లో అవే ఈగలు ఎక్కువ కాలం బతుకుతున్నాయని తేలింది. ఇక్కడే చాలా రిపోర్టుల్లో పొరపాటు దొర్లుతుంది. చికోలో సైజు, గుడ్లు రెండూ కలిసే పడిపోయాయి. ఆ రెంటి మధ్య బేరం లేదు. బేరం వాటికీ ఆయుష్షుకూ మధ్య.

డిమిన్యుటివ్ అనే పాత మ్యూటెంట్ కూడా ఇలాంటిదే. చిన్న ఒళ్లు, గొడ్డు ఆడవి. అది మైక్ జన్యువని తర్వాత తెలిసింది. మినిట్ మ్యూటెంట్లు మాత్రం మన ప్రశ్నకు బాగా పనికొస్తాయి. రైబోసోమ్ ప్రొటీన్ జన్యువు ఒక కాపీ పోయి ఎదుగుదల నెమ్మదిస్తుంది, ఒంటి మీది ముళ్లు సన్నబడతాయి, సంతానం తగ్గుతుంది. ఒంటి సైజు మాత్రం దాదాపు మామూలే. నెమ్మదిగానైనా ఎక్కువ రోజులు తిని, సైజును సమయంతో కొనుక్కుంటాయి.

ఇవన్నీ ల్యాబులో దొరికే పెద్ద దెబ్బలు. మీ ఊరి ఈగల్లో ఉండే సహజ తేడాలు అలా ఉండవు. చాలా స్థానాల్లో చిన్న చిన్న ప్రభావాలుంటాయి. త్వరగా పెరిగేలా 600 తరాలకు పైగా ఎంపిక చేసిన ఈగల జీనోమ్‌ను 2010లో చదివితే, మేలు చేసే ఒక్క రూపమే మిగిలి రెండోది పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన చోటు కనపడలేదు. కాబట్టి ఒకే జన్యువును దోషిగా నిలబెట్టాలని చూడకండి.

అండనాళికల సంఖ్య ఎప్పుడు ఖాయమవుతుంది?

మూడో లార్వా దశ చివర్లో, ప్యూపా మొదట్లో. ఆ తర్వాత ఎంత ఈస్టు పెట్టినా నాళిక ఒక్కటి కూడా పెరగదు. ఉన్న నాళికల్లో గుడ్లు తయారయ్యే వేగమే పెరుగుతుంది. ఒక్కో అండాశయంలో మామూలుగా 16 నుంచి 20 దాకా ఉంటాయి. జనాభాను బట్టి కొంచెం అటూ ఇటూ.

ఉష్ణోగ్రత విషయంలో సైజు, నాళికలు చెరో దారి పడతాయి. చల్లగా పెరిగిన ఈగ పెద్దది, 18 డిగ్రీల దగ్గర పెంచితే కంటికే తెలుస్తుంది. నాళికలు మాత్రం 22 డిగ్రీల చుట్టుపక్కల అత్యధికం, అటైనా ఇటైనా తగ్గుతాయి. అందుకే సైజు కొలిచి గుడ్ల సామర్థ్యం అంచనా వేయడం ఒకే ఉష్ణోగ్రతలోనే చెల్లుతుంది.

జన్యు తేడా లేకుండా సైజు ఒక్కటే మార్చే ప్రయోగం ఉందా?

ఉంది, ఖర్చు కూడా లేదు. మూడో లార్వా దశలో ఒక కీలక బరువు దాటాక ఆకలి పెట్టినా ప్యూపా ఆలస్యం కాదు. చిన్న ఈగగా వచ్చేస్తుంది. 25 డిగ్రీల దగ్గర గుడ్డు పెట్టిన 84, 90, 96, 102 గంటలకు లార్వాలను మెత్తటి బ్రష్‌తో తీసి, నీళ్లతో కడిగి, ఒక శాతం అగర్ మాత్రమే ఉన్న వయల్‌లో వేయండి. కొన్నింటిని కదపకుండా వదలండి. ముందు తీసినవాటిలో కొన్ని చస్తాయి, ఆ లెక్కా రాయండి. బయటికొచ్చిన ఆడవాటికి ఒకే మీడియా పెట్టి గుడ్లు లెక్కిస్తే, తిండి వల్ల వచ్చిన సైజుకూ గుడ్లకూ ఉన్న సంబంధం శుభ్రంగా కనిపిస్తుంది. జన్యు లైన్ల (ఒక్కో ఆడదాని సంతానాన్ని విడివిడిగా పెంచిన గుంపుల) ఫలితం పక్కన ఇది పెడితే గైడుకు మీరు చెప్పాల్సింది సగం చెప్పినట్టే.

మీడియా కొలతలు చెప్పండి.

లీటరు నీళ్లకు బొంబాయి రవ్వ 100 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, అగర్ 10 గ్రాములు, బూజు పట్టకుండా ప్రొపియోనిక్ ఆమ్లం 7.5 మిల్లీలీటర్లు. ఇది మైసూరు పద్ధతి. మన దగ్గర అన్నీ దొరుకుతాయి. బెల్లం కరిగించి పల్చటి గుడ్డలో వడగట్టండి, నలుసులుంటాయి. అగర్ పూర్తిగా కరిగాక రవ్వను ఉప్మాకు పోసినట్టే కలుపుతూ పోయండి, ఉండ కడితే లార్వాలకు ఒక వయల్‌లో గట్టి ముద్ద, ఇంకో వయల్‌లో నీళ్లు మిగులుతాయి. దించాక 60 డిగ్రీలకు వచ్చినప్పుడు ఆమ్లం వేయాలి. మరుగుతుండగా వేస్తే ఆవిరైపోతుంది, మీ ముక్కూ కళ్లూ మండుతాయి. బూజు పట్టిన బ్యాచుల్లో ఎక్కువ ఇలా పాడైనవే. వయల్‌కు 6 మిల్లీలీటర్లు పోసి, రాత్రంతా పల్చటి గుడ్డ కప్పి ఉంచండి. వెంటనే దూది బిరడా పెడితే గోడల మీద నీటి చుక్కలు పట్టి ఈగలు అతుక్కుని చస్తాయి.

ప్రయోగం మొత్తానికి సరిపడా బెల్లం ఒకేసారి, ఒకే దిమ్మ నుంచి కొనండి. తెల్లగా మెరిసేది వద్దు, రంగు విరవడానికి వేసిన రసాయనం లార్వాలకు పడదు. నల్లబెల్లం అయితే మంచిదే కానీ ఎక్కువ అడిగితే గుడుంబాకేమోనని దుకాణదారు మీ వంక అదోలా చూడొచ్చు. కాలేజీ ఐడీ కార్డు దగ్గర ఉంచుకోండి.

ఈ మీడియాలో మాంసకృత్తులు తక్కువ. గుడ్లు లెక్కించే రోజుల్లో పైన ఈస్టు ముద్ద తప్పనిసరి. ఈస్టు లేకుంటే పెద్ద ఈగా చిన్న ఈగా రెండూ గుడ్లు బిగబట్టుకుంటాయి, తేడా మాయమవుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో చేయొచ్చా?

బీఓడీ ఇంకుబేటర్ (చల్లబరిచి ఒకే ఉష్ణోగ్రతలో ఉంచే పెట్టె) లేకుండా వద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. 30 డిగ్రీల దగ్గర పెరిగిన మగ ఈగలు గొడ్డుపోతాయి. ఆడది గుడ్లు పెడుతుంది, అవి పొదగవు, మీరేమో ఆడదాని లైన్‌ను అనుమానిస్తారు. మే నెలలో గుడ్లు ఉండి లార్వాలు సున్నా అయితే మొదట థర్మామీటర్ చూడండి. కరెంటు పోయే చోట ఇంకుబేటర్ ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు నింపిపెడితే గంటా రెండు గంటలు నిలకడగా ఉంటుంది. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే థర్మామీటర్ లోపలే ఉంచండి.

వయల్‌కు ఎన్ని గుడ్లు?

ఆరు మిల్లీలీటర్లకు 50 నుంచి 60. అంచనాగా కాదు, లెక్కపెట్టి. అగర్ పళ్లెం మీద కొంచెం ఈస్టు రాసి ఆడవాటికి గంటో రెండు గంటలో ఇచ్చి ఆ పళ్లెం పారేయండి. లోపల బిగబట్టుకున్న ముదురు గుడ్లన్నీ అందులో పడతాయి. తర్వాతి నాలుగు గంటల పళ్లెం మీది గుడ్లే వాడండి. తడి బ్రష్‌తో పదేసి చొప్పున ఎత్తి కొత్త వయల్ అంచున పెట్టాలి.

సైజు ఎలా కొలవాలి?

ఈగను పక్కకు పడుకోబెట్టి, ఉరం ముందు అంచు నుంచి స్కుటెల్లం (ఉరం వెనక చివరన ఉండే త్రికోణపు ముక్క) కొన దాకా. ఆడదానికి సుమారు ఒక మిల్లీమీటరు, మగదానికి ఇంకొంచెం తక్కువ. ఐపీస్ స్కేలును స్టేజ్ మైక్రోమీటర్‌తో సరిచూడకుండా మొదలుపెట్టొద్దు. జూమ్ మైక్రోస్కోపు అయితే ఎంత జూమ్‌లో సరిచూశారో ఆ గుర్తు దగ్గరే టేపు అంటించి వదిలేయండి.

5 శాతం తేడా ఏపాటిదని తీసిపారేయకండి. పొడవులో 5 శాతం అంటే ఘనపరిమాణంలో 1.05 ఘనం, దాదాపు 16 శాతం. అంటే మీరు వెతికే తేడా స్కేలు మీద ఒకటి రెండు గీతలే. ఓ ఇరవై ఈగల్ని రెండో రోజు, లేబుల్ చూడకుండా మళ్లీ కొలవండి. మొదటి అంకెకూ రెండో అంకెకూ తేడా ఒక గీత దాటితే, అక్కడ ఆగి చెయ్యి కుదుర్చుకోండి.

బరువు తీసేవాళ్లకు ఒక హెచ్చరిక. గుడ్లతో నిండిన ఆడ ఈగ బరువులో గుడ్ల బరువూ ఉంటుంది. దాన్ని గుడ్ల సంఖ్యతో పోలిస్తే గుడ్లను గుడ్లతోనే పోల్చినట్టు. బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే తీసి, 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి, పదేసి ఈగల్ని కలిపి తూచండి.

గుడ్లు లెక్కించే పద్ధతి?

25 డిగ్రీల దగ్గర ఆడది బయటికొచ్చిన 8 గంటల దాకా జతకట్టదు, 18 దగ్గర సుమారు 16 గంటలు. ఆలోపే వేరుచేయండి. ఒక ఆడదానికి రెండు మగవి కలిపి, 24 గంటలకోసారి అదే సమయానికి కొత్త వయల్‌లోకి మార్చండి. మీడియాలో కొంచెం బొగ్గుపొడి కలిపితే తెల్లటి గుడ్లు చుక్కల్లా తేలతాయి. మొదటి రెండు రోజులు గుడ్లు అంతగా ఉండవు. నాలుగు నుంచి పది రోజుల మధ్యే ఉద్ధృతి, ఈస్టు బాగుంటే రోజుకు 50 దాటుతాయి. ఒక్క రోజు లెక్కతో లైన్లను పోల్చొద్దు. ఈథర్, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చిన మర్నాటి లెక్కను నమ్మొద్దు. ఈథర్ తర్వాత రెక్కలు నిటారుగా లేచి నిలబడితే ఆ ఈగ చచ్చినట్టే.

24 గంటల తర్వాత పొదిగిన గుడ్ల పెంకులు లెక్కిస్తే పొదిగే శాతం వస్తుంది. పెట్టిన గుడ్లు ఫెకండిటీ, ఈగలుగా తేలిన సంతానం ఫెర్టిలిటీ. పట్టికలో రెండు గడులు పెట్టండి.

జన్యు సహసంబంధం తేల్చాలంటే ఎన్ని ఈగలు కావాలి?

సవతి తోబుట్టువుల (ఒకే తండ్రి, వేర్వేరు తల్లుల సంతానాన్ని పోల్చే) పద్ధతి అసలైనది. 30 మగవి, ఒక్కోదానికి 3 ఆడవి, ఒక్కో ఆడదానికి 4 కూతుళ్లు అంటే 360 ఈగలు. ఒక్కరి వల్ల కాదు. పీజీ ప్రాజెక్టుకు ఐసోఫిమేల్ లైన్లు చాలు. బయట పట్టిన ఒక్కో ఆడదాని సంతానం ఒక్కో లైన్. 20 లైన్లు, లైన్‌కు 10 ఈగలు. అయితే ఆ పదీ ఒకే వయల్‌వి కాకూడదు. ఒకే వయల్ అక్కాచెల్లెళ్లు జన్యువుల్ని మాత్రమే కాదు, తిండిని కూడా పంచుకున్నారు. లైన్‌కు కనీసం రెండు వయల్స్ పెట్టి, లైన్ సగటుల మధ్య సంబంధం చూడండి. లైన్లను ఏడాదిపాటు పదేసి ఈగలతో నెట్టుకొచ్చి తర్వాత కొలిస్తే అంతఃప్రజననం (దగ్గరి చుట్టాలే జతకట్టడం) దెబ్బ తగులుతుంది. అది సైజు కంటే సంతానాన్ని ముందు కొడుతుంది.

బయటి మగవాటితో క్యాంటన్-ఎస్ (ల్యాబుల్లో వాడే పాత స్టాకు) ఆడవాటిని కలిపాం. కూతుళ్లకు గుడ్లే లేవు. ఎందుకు?

పీ మూలకాల (జీనోమ్‌లో చోటు మార్చుకునే డీఎన్‌ఏ ముక్కల) గొడవ కావచ్చు. ల్యాబులో దశాబ్దాలుగా ఉన్న పాత స్టాకుల్లో పీ మూలకాలు లేవు, బయటి ఈగల్లో ఉండొచ్చు. మగ నుంచి అవి వచ్చి, తల్లి గుడ్డులో అణిచేసే ఏర్పాటు లేకపోతే, ముఖ్యంగా 28, 29 డిగ్రీల దగ్గర కూతుళ్ల అండాశయాలు ముడుచుకుపోతాయి. తిరగేసి కలపండి, బయటి ఆడది, క్యాంటన్-ఎస్ మగది. అప్పుడు బాగుంటే కారణం దొరికినట్టే. అండాశయాలు బాగానే ఉండి గుడ్లు మాత్రం పొదగకపోతే వోల్బాకియా బ్యాక్టీరియాను అనుమానించండి. ఇవి రెండూ ట్రేడాఫ్ కావు.

మగ ఈగ సైజు ఎందుకు పట్టించుకోవాలి?

మగది వీర్య ద్రవంతో ఇచ్చే సెక్స్ పెప్టైడ్ ఆడదాని గుడ్లు పెంచుతుంది. వీర్య ద్రవంలోని ప్రొటీన్లు ఆడదాని ఆయుష్షు తగ్గిస్తాయని 1995లో తేలింది. పెద్ద మగవాటితో ఉన్న ఆడవాటికి హాని ఎక్కువని కూడా చూపించారు. కాబట్టి అన్ని లైన్ల ఆడవాటికీ ఒకే స్టాకు నుంచి, ఒకే వయసు మగవి ఇవ్వండి.

ఈగలు ఎక్కడ దొరుకుతాయి?

మైసూరు విశ్వవిద్యాలయంలో జాతీయ డ్రోసోఫిలా స్టాక్ కేంద్రం ఉంది. స్థానిక ఈగలకు సీసాలో మగ్గిన అరటిపండు, చిటికెడు ఈస్టు వేసి సాయంత్రం పండ్ల బండ్ల దగ్గర గానీ కల్లు కంపౌండు దగ్గర గానీ పెట్టండి. సీతాఫలాల సీజన్లో ఇంకా సులువు. పడ్డవన్నీ మెలనోగాస్టర్ అనుకోవద్దు. దాని చుట్టం డ్రోసోఫిలా అననాసే కూడా బాగా పడుతుంది. వీపు మీద వెండి చారలుంటే అది జాప్రియోనస్ అనే ఇంకో ఈగ. ఆడవాటిని చూసి తేల్చడం కష్టం. లైన్‌లో కొడుకులు పుట్టాక ముందరి కాలి దువ్వెన (మగవాటికే ఉండే నల్లటి ముళ్ల వరస) చూసి జాతి రాయండి.

గుడ్లు లెక్కించాక వయల్స్ పారేయొచ్చా?

పారేయకండి. గుడ్లను 60కి తగ్గించి, ఎన్ని తీసేశారో లేబుల్ మీద రాసి, ఇంకుబేటర్‌లోనే ఉంచండి. పదో రోజు నుంచి పొద్దున, సాయంత్రం రెండుసార్లు బయటికొచ్చిన ఈగల్ని లెక్కిస్తే ఎదుగుదల కాలం, బతికిన శాతం, కూతుళ్ల సైజు మూడూ ఇంకో మీడియా ఖర్చు లేకుండా వస్తాయి. ఇరవయ్యో రోజు దాటనివ్వొద్దు. అప్పటికి మనవలు మొదలై లెక్క కలిసిపోతుంది, పురుగులు పట్టే వయల్స్ కూడా ఇవే. ముందు ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టి, తర్వాతే సింకులో కడగండి.